అమ్మగారింట్లో కార్డ్‌లెస్ ఫోను: లైను ఎలా కలపాలి, బేస్ ఎక్కడ పెట్టాలి

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుని మొదలుపెడతాను. తెనాలిలో మీ అమ్మగారు రెండంతస్తుల ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. పాత రాగి తీగ లైను పోయి, అదే నంబరు మీద ఫైబర్ వచ్చింది. వైఫై డబ్బా మేడ మీద గదిలో బిగించారు. మీరు బెంగళూరు నుంచి రెండు హ్యాండ్‌సెట్ల కార్డ్‌లెస్ ఫోను పంపారు. దాన్ని కింద హాల్లో, పాత ఫోను ఉన్న చోటే, గోడ మీద పాత పాయింటుకు తగిలించారు. డయల్ టోన్ రావట్లేదు. తెర మీద ఏవో ఇంగ్లిషు మాటలు వస్తున్నాయి. ఒక హ్యాండ్‌సెట్ సాయంత్రానికల్లా ఆరిపోతోంది. డాలస్‌లో ఉన్న మీ అక్కగారు ఈసారి వచ్చేటప్పుడు అక్కడి ఫోనే తెస్తానంటున్నారు.

నేను ఉద్యోగమంతా టెలిఫోన్ లైన్ల మీదే చేశాను. టెలికాం శాఖలో చేరాను, 2000 అక్టోబరు 1న శాఖ బి.ఎస్.ఎన్.ఎల్. అయ్యాక కూడా అదే పని చేసి రిటైరయ్యాను. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే ఇళ్ళలో ఫోను పెట్టడం మిగతా ఇళ్ళలో పెట్టడం లాంటిది కాదని ఆ పనిలోనే తెలిసింది. డయల్ టోన్ వినబడగానే మెకానిక్ పని అయిపోతుంది. మీ పని అక్కడ అయిపోదు. అర్ధరాత్రి కరెంటు లేనప్పుడు, కళ్ళజోడు చేతికి అందనప్పుడు మీ అమ్మగారు ఎవరి సాయం లేకుండా మీకు గానీ 108కి గానీ ఫోను చేయగలిగితేనే ఆ ఫోను సరిగ్గా పెట్టినట్టు. నేను చెప్పేదంతా ఆ లెక్కలోనే చెబుతాను.

ముందు అమెరికా ఫోను సంగతి. వద్దని చెప్పండి. అక్కడి కార్డ్‌లెస్ ఫోన్ల పెట్టె మీద ‘డెక్ట్ 6.0’ అని రాసి ఉంటుంది. డెక్ట్ అంటే కార్డ్‌లెస్ ఫోన్లు మాట పంపుకునే ఒక పద్ధతి. అది 6 గిగాహెర్ట్జ్ అని చాలామంది అనుకుంటారు, అది ఉత్త వ్యాపారపు పేరు. ఆ ఫోన్లు వాడేది 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మధ్య. మన దేశంలో ఆ తరంగాలు మొబైల్ కంపెనీలవి. మొబైల్ ఫోన్లు టవరుకు మాట పంపే తరంగాల పట్టీల్లో ఒకటి 1920లోనే మొదలవుతుంది. అంటే మీ అమ్మగారి హాల్లో ఉన్న ఫోను చుట్టుపక్కల టవర్లకు అడ్డం పడుతుంది. అందుకే దాన్ని ఇక్కడ వాడకూడదు. అడాప్టర్ చిక్కు ఒకటి అదనం. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అడాప్టర్ మీద ‘100-240’ అని లేకపోతే ఇక్కడి ప్లగ్గులో పెట్టిన క్షణంలో కాలిపోతుంది. మన దగ్గర అమ్మే సెట్లు 1880-1900 మెగాహెర్ట్జ్ డెక్ట్ రకమో, 2.4 గిగాహెర్ట్జ్ రకమో అయి ఉంటాయి. మీరు కొన్నది ఏ రకమో పెట్టె మీద ఉంటుంది, చూసి గుర్తుంచుకోండి. బేస్, అంటే లైను తాడు తగిలించే పెట్టె, ఎక్కడ పెట్టాలో తేల్చుకునేటప్పుడు అది కావాలి.

ఇక డయల్ టోన్. మీ ఇంట్లో అసలు చిక్కు ఇదే, దీనికి కార్డ్‌లెస్ ఫోను తప్పేమీ లేదు. హాల్లో గోడకున్న పాత ఫోను పాయింటునే రోజెట్ అంటాం. ఆ పెట్టెలోకి ఒకప్పుడు వీధి స్తంభం మీది డి.పి. నుంచి, అంటే ఇళ్ళకు లైన్లు పంచే పెట్టె నుంచి, డ్రాప్ వైరనే తీగ వచ్చేది. ఆ తీగలోనే ఎక్స్ఛేంజి నుంచి 48 వోల్టుల కరెంటు కూడా వచ్చేది. ఇప్పుడు ఆ తీగ చచ్చిపోయింది. ఫైబర్‌లో వచ్చేది వెలుతురు మాత్రమే. దాన్ని మాటగా మార్చి ఫోనుకు ఇచ్చేది మేడ మీది డబ్బా. డబ్బా వెనకాల చూస్తే పెద్ద సాకెట్లు నాలుగైదు ఉంటాయి, అవి కంప్యూటరు కేబుల్‌వి. వాటి పక్కన ఒకటో రెండో చిన్న సాకెట్లు ఉంటాయి. వాటి మీద ‘టెల్’ అనో ‘ఫోన్’ అనో ‘పాట్స్’ అనో రాసి ఉంటుంది. ఫోను తాడు పెట్టాల్సింది అందులో. రెండు ఉంటే ఒకటో నంబరుది. ఫోను తాడు కొన చిన్నది కాబట్టి కంప్యూటరు సాకెట్లో కూడా దూరుతుంది, దూరి లోపలి పిన్నులను వంచేస్తుంది. పెట్టే ముందు టార్చి వేసి పేరు చదవండి.

కార్డ్‌లెస్ సెట్టు తగిలించే ముందు ఒక పని చేయండి. అటక మీద పాత తాడు ఫోను ఉండే ఉంటుంది, దించి దాన్ని ఆ చిన్న సాకెట్లో పెట్టి ఎత్తి చూడండి. టోన్ వస్తే కంపెనీ వైపు అంతా బాగున్నట్టే, ఇక మిగిలింది మన పని. టోన్ రాకపోతే డబ్బా ముఖం మీద ఫోను బొమ్మ ఉన్న దీపం చూడండి. అది వెలగకపోతే మీ నంబరును ఆ డబ్బాలో ఇంకా ఎక్కించలేదని అర్థం. ఇంటర్నెట్ బాగానే వస్తుంటుంది, ఫోను మాత్రం పలకదు. ఎందుకంటే ఫోను సెట్టింగు వేరే చేయాలి. దానికి కంప్లైంటు ఇచ్చి ‘వాయిస్ రిజిస్టర్ కాలేదు’ అని ఆ మాటతోనే చెప్పండి. ‘ఫోను పనిచేయట్లేదు’ అంటే ముందు మీ సెట్టు మార్చమంటారు. తాడు ఫోనుతో చూశానని చెబితే వాళ్ళకు కూడా తొందరగా తేలుతుంది.

ఆ పాత ఫోనును మళ్ళీ అటక మీద పెట్టేయకండి. చివర్లో దానితో పని ఉంది.

టోన్ వచ్చాక కార్డ్‌లెస్ బేస్ తగిలించండి. పెట్టెలో వచ్చిన తాడే వాడండి. కొన్ని సెట్లలో బేస్ వైపు తీగల వరస వేరుగా ఉంటుంది, ఇంట్లో ఉన్న పాత తాడు పెడితే లైను అందదు. అలాగే బేస్‌కు ఒక అడాప్టరు, రెండో హ్యాండ్‌సెట్ ఛార్జరుకు ఇంకో అడాప్టరు వచ్చి ఉంటాయి. చూడ్డానికి కవల పిల్లల్లా ఉన్నా వోల్టేజీ తేడా ఉండొచ్చు. దేని మీద ఏం రాసి ఉందో చూసి, ఒకదానికి ‘బేస్’ అని కాగితం అంటించండి. ఎప్పుడైనా ఇల్లు దులిపేటప్పుడు అవి తారుమారవుతాయి, ముందుజాగ్రత్త మంచిది.

తెర మీది మాటలు అన్నారు గానీ అవేమిటో మీరు రాయలేదు. మామూలుగా వచ్చేవి రెండు. ‘చెక్ టెల్ లైన్’ అంటే హ్యాండ్‌సెట్, బేస్ ఒకదానితో ఒకటి బాగానే మాట్లాడుకుంటున్నాయి, బేస్‌కు లైను అందట్లేదని అర్థం. మీరు చచ్చిన రోజెట్‌కు తగిలించారు కాబట్టి మీ ఇంట్లో వచ్చింది చాలావరకు ఇదే అయి ఉంటుంది. ‘నో లింక్’ అనో, ‘సెర్చింగ్’ అనో వస్తే సంగతి వేరు. బేస్‌కు కరెంటు లేదు, లేకపోతే హ్యాండ్‌సెట్ మరీ దూరంలో ఉంది, లేకపోతే ఆ రెండింటి జత ఊడిపోయింది. మొదటి దానికి తాడు వైపు చూడాలి, రెండో దానికి బేస్ వైపు చూడాలి. ఈ ఒక్క తేడా తెలియక కొత్త సెట్లు షాపులో వాపసు ఇచ్చేసినవాళ్ళను చాలామందిని చూశాను.

జత ఊడడం గురించి ఒక మాట. పెట్టెలో వచ్చే రెండు హ్యాండ్‌సెట్లు ఫ్యాక్టరీలోనే బేస్‌కు జతచేసి వస్తాయి, మీరు ఏమీ చేయనక్కర్లేదు. పొరపాటున తెగిపోతే బేస్ మీద హ్యాండ్‌సెట్‌ను వెతికే బొత్తాన్ని ఓ ఐదు సెకన్లు నొక్కి పట్టి, హ్యాండ్‌సెట్ మెనూలో రిజిస్టర్ అన్నది ఎంచుకోండి. పిన్ అడిగితే, మీరు మార్చకపోతే, చాలా సెట్లలో 0000. సరిగ్గా ఎన్ని సెకన్లో, మెనూలో ఎక్కడుందో మీ సెట్టు పుస్తకంలో చూసుకోండి.

ఇప్పుడు బేస్ ఎక్కడ పెట్టాలన్నది. దీనికి కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటాను, ఎందుకంటే తరువాత వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇక్కడే పుడతాయి.

పెట్టె మీద ఇంట్లో 50 మీటర్లు, బయట 300 మీటర్లు అని రాస్తారు. ఆ మాట అబద్ధం కాదు, కానీ అడ్డం ఏమీ లేనప్పటి మాట. 1990లలో ఐ.ఐ.టి. మద్రాసులో అశోక్ ఝున్‌ఝున్‌వాలా గారి బృందం ఇదే డెక్ట్ పద్ధతి మీద కార్‌డెక్ట్ అనే వ్యవస్థను తయారుచేసింది. తీగ లాగలేని పల్లెలకు ఫోను ఇవ్వడానికి చేసింది అది. ఇంటి మీద యాంటెనా పెట్టి, ఎదురుగా అడ్డం లేకపోతే 10 కిలోమీటర్ల దూరం అందేది. అదే జాతి తరంగం మీ ఇంట్లో స్లాబు దాటి కిందికి రావడానికి కష్టపడుతుంది. స్లాబులో ఇనుప చువ్వలు వలలా అల్లి ఉంటాయి. ఇటుక గోడ కొంత ఆపుతుంది, స్లాబు అంతకంటే ఎక్కువ ఆపుతుంది. మన ఇళ్ళలో వీటన్నిటినీ మించింది ఇనుప బీరువా. బేస్‌కు, హ్యాండ్‌సెట్‌కు మధ్యలో బీరువా ఉంటే దాని వెనకాల నీడ పడ్డట్టే. ఫ్రిజ్, పెద్ద టీవీ కూడా అంతే. అద్దాల బీరువాలో అలంకారానికి బేస్ పెట్టేవాళ్ళు ఉంటారు, అది వద్దు.

మీ సెట్టు 2.4 గిగాహెర్ట్జ్ రకమైతే ఇంకో జాగ్రత్త కావాలి. వైఫై, వంటింట్లో మైక్రోవేవ్ అవెన్ రెండూ అదే ప్రాంతంలో పనిచేస్తాయి. బేస్‌ను వైఫై డబ్బాకు ఆనించి పెడితే మాటలో చిటచిట వస్తుంది, ఇంటర్నెట్ కూడా మందగిస్తుంది. కనీసం రెండు మూడు మీటర్ల దూరం ఉంచండి. 1880 రకానికి వైఫైతో ఈ గొడవ లేదు. ఇక ముందు కొనేవాళ్ళు ఎవరైనా అడిగితే నేను ఆ రకమే కొనమంటాను.

మీ అమ్మగారు పగలంతా ఉండేది ఎక్కడ? చాలా ఇళ్ళలో హాలు, వంటిల్లు, పడకగది, అన్నీ కిందే. అలాంటప్పుడు బేస్ మేడ మీద ఉండి హ్యాండ్‌సెట్లు రెండూ కింద ఉండడం సరికాదు. డబ్బాను కదిలించక్కర్లేదు, ఫైబర్ తీగను వంచి లాగడం ప్రమాదం కూడా. బేస్‌ను కిందికి తెచ్చి, డబ్బా నుంచి బేస్ దాకా మామూలు రెండు పోగుల టెలిఫోన్ వైరు లాగితే చాలు. పది, పదిహేను మీటర్లకు మాటలో ఏ తేడా రాదు. మెట్ల పక్కగా క్లిప్పులు కొట్టి దించేయొచ్చు.

అయితే మేడ మీదికి పాత రోజెట్ వైరింగ్ ముందే ఉందనుకోండి, చాలామందికి వచ్చే ఆలోచన దాన్నే వాడుకోవడం. మేడ మీది పాయింటులో డబ్బా నుంచి తాడు పెడితే కింద హాలు పాయింటులో టోన్ వస్తుంది కదా అని. వస్తుంది. కానీ దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది మానేస్తే నెలల తరబడి ఏడిపిస్తుంది. వీధి నుంచి వచ్చే పాత డ్రాప్ వైరును ఇంట్లోకి వచ్చే మొదటి పెట్టె దగ్గరే విప్పి, రెండు పోగులూ విడివిడిగా టేపు చుట్టి పక్కన పెట్టాలి.

నేను చూసిన ఒక ఇల్లు చెబుతాను. భార్యాభర్తలు ఇద్దరే, డెబ్బై దాటినవాళ్ళు. ఫైబర్ పెట్టిన కుర్రవాడు పాత వైరింగ్‌నే కలిపి వెళ్ళాడు, డ్రాప్ వైరు విప్పలేదు. ఎండాకాలమంతా ఫోను బాగానే ఉంది. మొదటి వాన పడ్డ రాత్రి నుంచి పిల్లలు ఎప్పుడు చేసినా ఎంగేజ్ వచ్చేది. ఇంట్లో ఎత్తి చూస్తే ఒకసారి టోన్, ఒకసారి నిశ్శబ్దం. రెండు రోజులు పిల్లలు కంగారుపడి, చివరికి పక్కింటివాళ్ళను పంపారు. నన్ను పిలిచారు. సెట్టు మార్చి చూశాను, తాడు మార్చి చూశాను. తాడును డబ్బాలోంచి పీకి వేరే ఫోను పెడితే బ్రహ్మాండంగా ఉంది. అప్పుడు బయటికి వెళ్ళి గోడ మూల చూశాను. పాత డ్రాప్ వైరు జాయింటు వానలో తడిసి పచ్చగా చిలుం పట్టింది. ఆ తడిలోంచి కరెంటు పారి, ఎవరో ఫోను ఎత్తి పట్టుకున్నట్టు డబ్బాకు అనిపిస్తోంది. రెండు స్క్రూలు విప్పగానే మొత్తం సర్దుకుంది. ఆ రెండు రోజులు ఆ ఇంటి పిల్లలు పడ్డ బాధ నేను ఫోనులో విన్నాను. అందుకే దీన్ని ఇంత గట్టిగా చెబుతున్నాను. పైగా పిడుగు పడ్డప్పుడు ఆ చచ్చిన తీగ వెంట వచ్చే దెబ్బ మీ డబ్బాను కూడా తీసుకుపోతుంది. ఫైబర్‌కు ఆ భయం లేదు, మనమే పాత తీగను అంటిపెట్టి తెచ్చుకుంటాం.

చోటు ఖాయం చేసే ముందు పరీక్ష చేయండి. బేస్‌ను అనుకున్న చోట, నేల మీద కాకుండా ఛాతీ ఎత్తున, ఒక బల్ల మీద పెట్టండి. మీరు మొబైల్‌తో ల్యాండ్‌లైనుకు చేసి, మీ అమ్మగారి చేతికి హ్యాండ్‌సెట్ ఇచ్చి, మాట్లాడుతూ ఇల్లంతా నడవమనండి. పడకగదిలో మంచం తలాపున, వంటింట్లో పొయ్యి దగ్గర, పూజగదిలో, వెనక వసారాలో, స్నానాలగది తలుపు దగ్గర. మాట తెగినచోట ఆగి, బేస్‌ను ఒక అడుగు జరిపి చూడండి. ఒక్కోసారి అడుగు దూరం జరిపితే చాలు, బీరువా నీడలోంచి బయటపడుతుంది. స్నానాలగది సంగతి కావాలనే చెప్పాను. పెద్దవాళ్ళు జారిపడే చోట్లలో అదొకటి.

సాయంత్రానికి ఆరిపోయే హ్యాండ్‌సెట్ గురించి. ముందు వెనక మూత తీసి లోపల ఏ సెల్లులున్నాయో చూడండి. ఇందులో వేయాల్సినవి నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జ్ సెల్లులు, 1.2 వోల్టులవి, టీవీ రిమోట్ సైజులో రెండు ఉంటాయి. చాలా సెట్లలో 400 నుంచి 550 ఎం.ఎ.హెచ్. సామర్థ్యంతో వస్తాయి. కాస్త ఎక్కువ సామర్థ్యం ఉన్నవి వేసినా నష్టం లేదు, నిండడానికి ఎక్కువసేపు పడుతుంది అంతే. కిరాణా కొట్టులో దొరికే మామూలు రిమోట్ సెల్లులు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి. అవి ఛార్జింగ్‌కు చేసినవి కావు. వేడెక్కి కారుతాయి, పగలొచ్చు కూడా. ఈ సంగతి మీ అమ్మగారికి, పనిమనిషికి, సాయానికి వచ్చే పక్కింటి అబ్బాయికి, అందరికీ చెప్పండి. సెల్లు అయిపోతే మంచి మనసుతో కొత్తవి తెచ్చి వేసేది వాళ్ళే.

సెల్లులు సరైనవే అయితే మొదటిసారి సరిగ్గా నింపారా అన్నది చూడాలి. కొత్త సెట్టు మొదటిసారి కనీసం ఏడు ఎనిమిది గంటలు ఛార్జింగ్ తొట్టిలో ఉండాలి. మధ్యలో తెర మీద నిండినట్టు కనిపించినా తీయొద్దు. సెల్లుల మీద సన్నని ప్లాస్టిక్ పొర ఏదైనా మిగిలిందేమో చూడండి. తొట్టిలో పెట్టినప్పుడు టిక్ అనో, తెర వెలిగో జవాబు రావాలి. రాకపోతే హ్యాండ్‌సెట్ అడుగున ఉన్న రేకులను, తొట్టిలోని రేకులను పొడిబట్టతో తుడవండి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఈ రేకులు తొందరగా నల్లబడతాయి.

అన్నీ బాగుండి కూడా ఆరిపోతుంటే రెండు కారణాలు మిగులుతాయి. ఒకటి, ఆ హ్యాండ్‌సెట్ బేస్‌కు అందని చోట ఉంది. అందనప్పుడు అది ఊరుకోదు, బేస్‌ను వెతుకుతూనే ఉంటుంది, ఆ వెతుకులాటలో సెల్లు తొందరగా దిగిపోతుంది. బేస్ చోటు మారితే ఇది దానంతట అదే పోతుంది. రెండోది మన ఇళ్ళలో మరీ మామూలు. పడుకోబోయే ముందు పెద్దవాళ్ళు ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపేస్తారు. కరెంటు వృథా కాకూడదని, ఏ అపాయమూ రాకూడదని జీవితమంతా చేసిన అలవాటది. దాన్ని తప్పుపట్టకండి. ఫోను స్విచ్ మీద తెల్ల టేపు అంటించి, ‘ఫోను, ఆపొద్దు’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. వీలైతే మంచం వెనకాల చేయి అందని ప్లగ్గు వాడండి. సెల్లుల ఆయుష్షు రెండు మూడేళ్ళు. మార్చేటప్పుడు రెండూ కలిపి మార్చాలి, ఒక పాతది ఒక కొత్తది వేస్తే కొత్తది కూడా పాడవుతుంది.

నంబర్లు ఎక్కించడం చిన్న పనే అనిపిస్తుంది గానీ ఇందులో ఒక మెలిక ఉంది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి ఏ మొబైల్‌కు చేసినా ముందు సున్నా కొట్టాలి. మీ అమ్మగారి డైరీలో రాసుకున్న నంబర్లన్నీ పది అంకెలవే అయి ఉంటాయి. మీరు ఫోనులో ఎక్కించేటప్పుడు ప్రతి మొబైల్ నంబరుకు ముందు సున్నా పెట్టండి. మెలిక ఏమిటంటే, మీరు చేసినప్పుడు తెర మీద మీ నంబరు సున్నా లేకుండా రావచ్చు. అప్పుడు ఆమె మిస్డ్ కాల్ చూసి అదే నంబరును తిరిగి నొక్కితే కాల్ వెళ్ళదు. ఫోనుబుక్కులో సున్నాతో ఉన్న పేరు కూడా కొన్ని సెట్లలో కనబడదు. ఒకసారి మీరే చేసి తెర మీద ఎలా వస్తుందో చూసుకోండి. సున్నా లేకుండా వస్తుంటే ఆమెకు మిస్డ్ కాల్ జాబితా నేర్పకండి, అది తికమక పెడుతుంది. స్పీడ్ డయల్ నేర్పండి. 2 నొక్కి పట్టుకుంటే కొడుకు, 3 నొక్కి పట్టుకుంటే కూతురు, 4 పక్కింటివాళ్ళు, 5 డాక్టరుగారు. హైదరాబాదులో ల్యాండ్‌లైను ఉన్న చుట్టాలుంటే ముందు 040 పెట్టి ఎక్కించండి. డాలస్ నంబరుకు 001తో మొదలుపెట్టాలి, దానికి ఐ.ఎస్.డి. సౌకర్యం మీ ప్లానులో ఉందో లేదో ముందు కనుక్కోండి. లేకపోతే అక్కగారే చేయడం మేలు.

108కి, అత్యవసర నంబరు 112కి మాత్రం ముందు సున్నా వద్దు, ఉన్నదున్నట్టు నొక్కాలి. ఈ తేడా ఆమెకు విడిగా చెప్పండి, ఎందుకంటే అన్నిటికీ సున్నా కొట్టమని చెప్పాక భయంలో దానికి కూడా సున్నా కొట్టేస్తారు. వీటిని స్పీడ్ డయల్‌లో పెట్టడం కంటే నేరుగా నొక్కడం అలవాటు చేయించడమే మంచిదని నా అభిప్రాయం. 108 మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది, ఆ వయసువాళ్ళకు ఆ నంబరు నోటికి వచ్చే ఉంటుంది. అడ్రసు మాత్రం, వీధి పేరు, ఇంటి గుర్తుతో సహా, ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి బేస్ పైన గోడకు అంటించండి. కంగారులో సొంత ఇంటి అడ్రసు చెప్పలేనివాళ్ళను నేను చూశాను.

గంట శబ్దం రెండు హ్యాండ్‌సెట్లలోనూ విడివిడిగా పెంచాలి, ఒకదాంట్లో పెంచితే రెండోది పెరగదు. చెవి కాస్త మందమైతే స్పీకర్ బొత్తాం మీద గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టండి, చూపు ఆనకపోయినా అది కనబడుతుంది. అమ్మకాల కాల్స్ విసిగిస్తుంటే అదే ఫోను నుంచి 1909కి చేసి ఆపించుకోవచ్చు. రెండు హ్యాండ్‌సెట్ల మధ్య ఇంటర్‌కామ్ ఉంటుంది, మేడ మీద ఎవరైనా ఉన్నప్పుడు ఆమె మెట్లెక్కకుండా పిలవొచ్చు.

ఇక కరెంటు. తాడు ఫోను రోజుల్లో ఊరంతా చీకటైనా ఫోను పలికేది, ఎందుకంటే దానికి కరెంటు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి వచ్చేది. తుఫాను రాత్రుల్లో ఆ బ్యాటరీలను నిలబెట్టడానికి మేం జనరేటరు దగ్గర కాపలా ఉండేవాళ్ళం. ఇప్పుడు మీ ఇంట్లో కరెంటు పోతే రెండు చోట్ల తెగుతుంది. డబ్బా ఆగిపోతే లైను ఉండదు, బేస్ ఆగిపోతే హ్యాండ్‌సెట్‌లో ఎంత ఛార్జింగ్ ఉన్నా ఉపయోగం లేదు. ఇన్వర్టర్ ఉంది కదా అని ఊరుకోకండి. ఇన్వర్టర్ వైరింగ్ సాధారణంగా ఫ్యాన్లకు, లైట్లకు ఇస్తారు, ఈ ప్లగ్గులకు ఇచ్చారో లేదో చూడాలి. రెండూ కలిపినా పదిహేను వాట్లు దాటడం అరుదు, ఇన్వర్టర్‌కు అది బరువే కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ రెండు ప్లగ్గులు ఇన్వర్టర్ లైనులో వేయించండి. ఇన్వర్టర్ లేకపోతే వైఫై డబ్బాకు పెట్టే చిన్న 12 వోల్టుల యు.పి.ఎస్.లు దొరుకుతాయి, డబ్బా అడాప్టరు మీద 12 వోల్టులని ఉంటే అది సరిపోతుంది. ఇన్వర్టర్‌కు మారే క్షణంలో డబ్బా ఒకసారి ఆగి మళ్ళీ లేచే అవకాశం ఉంది, అప్పుడు ఫోను లైను రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ సంగతి ఆమెకు తెలిసి ఉండాలి, లేకపోతే టోన్ లేదని ఫోను పాడైందనుకుంటారు.

పాత తాడు ఫోను దగ్గర పెట్టుకోమన్నాను కదా. దాన్ని మంచం తలాపున ఉంచండి. బజారులో ఒక పాయింటును రెండు చేసే చిన్న ప్లగ్గు దొరుకుతుంది. లైనును రెండుగా చీల్చి ఒకటి బేస్‌కు, ఒకటి దానికి ఇవ్వండి. డబ్బాకు యు.పి.ఎస్. ఉంటే బేస్ ఆగిపోయినా తాడు ఫోను పలుకుతుంది, హ్యాండ్‌సెట్ ఎక్కడ పెట్టారో దొరకని రాత్రి కూడా అది ఉన్నచోటే ఉంటుంది.

ఇదంతా మీరు అక్కడ లేకుండా ఎవరిచేతో చేయించొద్దు. ఒక శనివారం రాత్రి బండెక్కి వెళ్ళండి. అన్నీ తగిలించాక, ఆదివారం చీకటి పడ్డాక, ఆమెకు ముందే చెప్పి ఇంటి మెయిన్ స్విచ్ ఆపండి. మీరు వీధిలోకి వెళ్ళి నిలబడండి. ఆమెను ఆ చీకట్లో మంచం మీద నుంచి లేచి, 2 నొక్కి పట్టుకుని మీ మొబైల్‌కు చేయమనండి. మొదటిసారి రాకపోతే లోపలికి వెళ్ళి ఏం అడ్డమైందో ఆమెనే అడిగి, అది సరిచేసి, మళ్ళీ బయటికి రండి. మీ మొబైల్ మోగేదాకా.